పటం అమ్ముడుపోయింది, కథ మిగిలిపోయింది

హస్తకళల ఎగ్జిబిషన్‌లో చేర్యాల బొమ్మను ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు. వెనకంతా చిక్కటి ఎరుపు, ముందు కోల ముఖాలు, పెద్ద కళ్లు. తాటిచెట్టు ఎక్కుతున్న గౌడు, బోనమెత్తిన ఆడమనిషి, గొర్రెల మంద. ఫ్రేమ్ కట్టి, వెనక కొక్కెం పెట్టి ఇస్తారు, ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించుకోవడమే. ఆ బొమ్మ గురించి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అదే చేర్యాలలో, ఈ బొమ్మలు గీసే నకాషీ కుటుంబాల తాతలు గీసింది మాత్రం నోటితో చెప్పేవాడు పక్కన లేకపోతే ఎందుకూ కొరగాని వస్తువు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉన్న గుడ్డ చుట్ట. గీసేది ఒక కులం, దాన్ని ఊరూరా మోసుకెళ్లి కథ చెప్పేది ఇంకో కులం, కూర్చుని వినేది, ధాన్యం కొలిచి ఇచ్చేది మరో కులం.

జానపద కళలు అంతరించిపోతున్నాయని మనం తరచూ అనుకుంటాం. ఆ మాట సగమే నిజం. కొమురవెల్లి మల్లన్న జాతర రోజుల్లో పట్నాలు, అంటే నేలమీద రంగుల ముగ్గులు, వేసే ఒగ్గు పూజారులకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న చేర్యాలలో బొమ్మలకు ఆన్‌లైన్‌లో కూడా ఆర్డర్లు వస్తున్నాయి. కానీ ఆ పటాన్ని విప్పి పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్లంటే ఎవరని అదే ప్రాంతంలో ఇరవై ఏళ్ల కుర్రాణ్ని అడిగితే చాలాసార్లు సమాధానం రాదు. సిద్దిపేట జిల్లాలో ఒకే చుట్టుపక్కల పుట్టి పెరిగిన మూడు కళలివి. టీవీ, సినిమా, సెల్‌ఫోన్ ముగ్గురికీ ఒకే సమయంలో వచ్చాయి. మరి ఒకటి నిలబడి, ఒకటి రూపం మార్చుకుని, ఒకటి కూలిపోవడమేంటి? "టీవీ వచ్చి కళల్ని చంపేసింది" అనే రెడీమేడ్ జవాబు ఇక్కడ పనిచేయదు. ఆ కళకు ఎవరు తిండి పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది చూస్తేనే చిక్కుముడి విడుతుంది.

ఎవరి కథ ఎవరు చెప్పాలి

తెలంగాణ పల్లెల్లో దాదాపు ప్రతి వృత్తి కులానికీ దాన్నే నమ్ముకున్న ఆశ్రిత కులాలు ఒకటో రెండో ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం, భావనా ఋషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు. గౌడులకు గౌడజెట్టి వాళ్లు, ఏనూటి వాళ్లు. రజకులకు మడేలు పురాణం చెప్పే పటం వాళ్లు, గంజికూటి వాళ్లు. నాయీబ్రాహ్మణులకు అద్దపు వాళ్లు. గొల్లలకు మందెచ్చుల వాళ్లు చెక్కబొమ్మలు వరసగా నిలబెట్టి కాటమరాజు కథ చెబుతారు. విశ్వబ్రాహ్మణుల ముందు రుంజ వాయించి వాళ్ల పురాణం పాడేది రుంజ వాళ్లు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లు, ఆడి చూపించే చిందు వాళ్లు ఉన్నారు. కాపులకు, రెడ్లకు గోత్రాలు చెప్పేది పిచ్చుకుంట్ల వాళ్లు. పైకులాలకూ ఈ ఏర్పాటు ఉంది: బ్రాహ్మణులకు విప్రవినోదులు, కోమట్లకు వీరముష్టులు.

ఇదంతా ఇలా వరసగా చదివితే జాబితాలా ఉంటుంది గానీ, ఊళ్లో ఇది గట్టి కట్టుబాటు. ఒక కులానికి కథ చెప్పేవాడు ఇంకో కులం వాకిట్లో చెయ్యి చాపకూడదు. ఇచ్చే కులం కూడా తమ వాళ్లను కాదని వేరేవాళ్లతో చెప్పించుకోకూడదు. ఎందుకు ఇవ్వాలి అంటే దానికి జవాబు కథలోనే ఉంటుంది. చాలా కులపురాణాల చివర కథకుడి పుట్టుక కూడా వస్తుంది: ఆ కులపు మూలపురుషుడి వల్ల పుట్టినవాడో, ఆయన చేరదీసినవాడో, ఆయన వంశాన్ని పొగుడుతూ బతకమని మాట తీసుకున్నవాడో. అందుకే వీళ్లు తమను కులబిడ్డలమని చెప్పుకుంటారు. వినేవాళ్లు ఇచ్చేది దానం కాదు, బిడ్డకు రావలసిన వాటా. దానికి త్యాగం అని పేరు.

ఆ వాటాకు లెక్క కూడా ఉండేది. దాన్ని మిరాశీ అంటారు. ఒక్కో కథకుడి కుటుంబానికి కొన్ని ఊళ్లు. అన్నదమ్ములు వేరుపడితే పొలాలు పంచుకున్నట్టే ఊళ్లూ పంచుకునేవాళ్లు. కూతురి పెళ్లికి కట్నంగా మిరాశీ ఊళ్లు రాసిచ్చిన సందర్భాలున్నాయి. ఈ ఊరి హక్కు నాదంటే నాదని తగువొస్తే పాత రాగిశాసనం బయటికి తీసేవాళ్లు. ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి బృందం ఊళ్లోకి దిగుతుంది. ముందు కులపెద్దను కలుస్తారు. ఎన్ని రాత్రులు చెప్పాలి, ఇంటికి ఎంత వెయ్యాలి అన్నది ఆ కూర్చోవడంలోనే తేలుతుంది. ధాన్యం, బట్టలు, ఇత్తడి గిన్నెలు, కలిగినవాళ్లయితే ఆవునో దూడనో ఇచ్చేవాళ్లు. బేరం కుదరక బృందం అలిగి కథ చెప్పకుండా వెళ్లిపోతే ఆ కులానికి చుట్టుపక్కల ఊళ్లలో తలవంపు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మనం కళ అంటున్నది ఆ మనుషుల మధ్య ఒక ఒప్పందంగా నడిచింది. పాట, బొమ్మ, వేషం ఆ ఒప్పందం తాలూకు రశీదులు. నాకు తెలిసినంతలో జానపద కళల మీద మనం చేసే చర్చల్లో ఎక్కువ భాగం రశీదుల అందం గురించే సాగుతుంది.

రాత్రంతా కూర్చుని వినడంలో ఏముంది?

వినోదం ఉంది, అది కాదనలేం. కథకుడు మధ్యలో పిట్టకథలు చెబుతాడు, వినేవాళ్లలో ఎవరినో ఆటపట్టిస్తాడు, వంతపాడేవాడు అడ్డు ప్రశ్నలేసి నవ్విస్తాడు. కానీ నవ్వించడానికే అయితే ఇంకెవరో కూడా పనికొస్తారు. ఈ కథకుడే ఎందుకు కావాలంటే, ఆయన దగ్గర ఆ కులానికి సంబంధించిన రికార్డు ఉంది. ఏ ఇంటిపేరు ఏ గోత్రంలోకి వస్తుంది, ఏ గోత్రానికి ఏ గోత్రంతో పెళ్లి పనికిరాదు, ఫలానా కుటుంబం ఎక్కణ్నుంచి వచ్చింది. కథ మధ్యలో ఇంటిపేర్లు వరసగా చదువుతూ, ఒక్కో ఇంటి పెద్దను పొగుడుతూ పోతాడు. పొగిడించుకున్నవాడు లేచి తన వాటా వేస్తాడు. రాత లేని సమాజానికి అదే రిజిస్టర్, అదే ఆడిట్.

రెండోది మరింత లోతైనది. ప్రతి కులపురాణమూ ఆ కులాన్ని సృష్టి మధ్యలో నిలబెడుతుంది. భావనా ఋషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. అంటే మగ్గం ముందు నడుము వంచి కూర్చున్నవాడు సూర్యుడి అల్లుడి వారసుడు. జాంబపురాణం ఇంకా ధైర్యంగా మాట్లాడుతుంది. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాడు జాంబవుడు. కథలో ఆయన బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు: ఎవరు పెద్ద, ఎవరు ముందు పుట్టారు, దేవతలకే చెప్పులు కుట్టింది ఎవరు? ప్రశ్న మీద ప్రశ్న వేసి ఎదుటివాడి నోరు మూయిస్తాడు. మాదిగవాడలో ఆ రాత్రి కూర్చున్నవాళ్లకు పగలంతా ఊరు చెప్పిన లెక్క తలకిందులవుతుంది. సృష్టిలో అందరికంటే పెద్దవాళ్లం మనమే. ఈ మాట చెప్పడానికి అప్పట్లో పత్రిక లేదు, వేదిక లేదు, పార్టీ లేదు. కథే ఉంది.

ఇక్కడే ఈ వ్యవస్థ చేదు కూడా బయటపడుతుంది. ఇంత గౌరవాన్ని ఇచ్చే కథను చెప్పే డక్కలివాడు ఎక్కడ దిగుతాడు? మాదిగవాడకు కూడా బయట. ఊరు ఎవరినైతే దూరం పెట్టిందో, వాళ్లు కూడా తమ కథకుణ్ని దూరంగానే పెట్టారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు వాయిద్యం గురించి చాలా రాశారు. కిన్నెర పట్టుకున్న డక్కలి వాళ్లు తరతరాలుగా ఏ గడప దాకా మాత్రమే రాగలిగారో రాసినవాళ్లు తక్కువ. అందుకే మిరాశీ రోజులు స్వర్ణయుగమని, ఆ రోజులు తిరిగి రావాలని మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించలేను. పుట్టుకతో కళాకారుడిని చేసిన వ్యవస్థే పుట్టుకతో అతన్ని యాచకుడినీ చేసింది.

చుట్టలోంచి చట్రంలోకి

పటం తయారీ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మార్పు ఎక్కడ జరిగిందో అక్కడ కళ్లకు కడుతుంది. నేత నుంచి వచ్చిన ముతక గుడ్డ తీసుకుంటారు. గంజి, తెల్ల సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి గుడ్డకు పట్టిస్తారు. ఆరాక మళ్లీ పట్టిస్తారు. గుడ్డ రంధ్రాలన్నీ పూడి, చుట్టినా పగలని నునుపు వచ్చేదాకా ఇదే పని. పెన్సిలు గీతలుండవు, చెయ్యి తిరిగినవాడు కుంచెతో నేరుగా గీస్తాడు. పాత పద్ధతిలో శంఖం పొడి తెలుపుకు, దీపం మసి నలుపుకు, ఇంగిలీకం ఎరుపుకు, నీలిమందు నీలానికి, పేవుడి పసుపుకు. వీటిని తిరుమణి జిగురు నీళ్లలో కలిపేవాళ్లు. ఇప్పుడు చాలామంది సీసాల్లో దొరికే రంగులే వాడుతున్నారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. గీతలయ్యాక బొమ్మల చుట్టూ ఉన్న ఖాళీనంతా ఎరుపుతో నింపుతారు. మసక దీపం వెలుతురులో, పది గజాల దూరంలో కూర్చున్నవాడికి బొమ్మ విడిగా కనిపించాలంటే వెనక ఆ ఎరుపు కావాలి.

పటం మొత్తం అడ్డపట్టీలుగా విడిపోయి ఉంటుంది. పూలగీతో తీగగీతో పట్టీకీ పట్టీకీ మధ్య సరిహద్దు. కథకుడు చుట్టను వేలాడదీసి ఒక్కో పట్టీ విప్పుతూ కర్రతో చూపిస్తాడు. చెప్పేసింది చుట్టలోకి వెళ్లిపోతుంది, చెప్పాల్సింది ఇంకా చుట్టలోనే ఉంటుంది. వినేవాడికి ఒకసారి కనిపించేది ఒకటి రెండు ఘట్టాలే. కాబట్టి ఒక్కో పట్టీలో మనుషులు ఎటు చూస్తున్నారు, ఎవరు పెద్దగా ఉన్నారు అన్నది కథకుడి అవసరాన్ని బట్టి ఉంటుంది. కొత్త పటం చేయించేటప్పుడు కథకుడే నకాషీ దగ్గర కూర్చుని వరస చెప్పేవాడు. ఏ కులం పటమైతే ఆ కులం పనిముట్లు, కట్టు, నగలు తప్పు లేకుండా రావాలి. ఒక నకాషీ కుటుంబానికి ఇన్ని కులాల పురాణాలు తెలిసి ఉండేవి, అది మామూలు విషయం కాదు. పటం పూర్తయ్యాక ఆఖరున కళ్లు దిద్దడం, పూజ చేసి అప్పగించడం. చిరిగి పనికిరాకుండా పోయిన పటాన్ని పారెయ్యరు, మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్లలో కలుపుతారు.

గత యాభై ఏళ్లలో పటం కట్టించేవాళ్లు తగ్గిపోయారు. పద్మశాలీలు మరమగ్గాల వెంట సిరిసిల్లకు, భివాండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వెళ్లారు. మిగతా కులాల్లోనూ ఎందరో గల్ఫ్ దారి పట్టారు. మిరాశీ ఊరికి కట్టిన హక్కు, కానీ ఇవ్వాల్సినవాళ్లు ఊళ్లో లేరు. ఉన్నవాళ్లకు కూడా కథకుడు చేసే పనులు వేరేచోట అవుతున్నాయి. కులసంఘం వచ్చింది, మార్కండేయ గుడి కట్టింది, ఏటా జయంతి చేస్తోంది. గోత్రాలు అచ్చేసిన పుస్తకంలో, ఇప్పుడు వాట్సాప్ పీడీఎఫ్‌లో దొరుకుతున్నాయి. పెళ్లిసంబంధాలకు పరిచయ వేదికలున్నాయి. అందరూ గమనించని మెలిక ఇక్కడే ఉంది: కులపురాణం చావలేదు. నిజానికి ముందుకంటే గట్టిగా వినిపిస్తోంది, ఫ్లెక్సీల మీద, ఊరేగింపుల్లో, ఎన్నికల ముందు సభల్లో. దానికి కథకుడి అవసరమే తీరిపోయింది.

నకాషీకి మాత్రం ఇంకో దారి దొరికింది. హస్తకళల సంస్థలు, ఎగ్జిబిషన్లు, నగరపు కొనుగోలుదారులు వచ్చారు. నలభై అడుగుల చుట్టను ఫ్లాటులో ఎవరూ పెట్టుకోలేరు కాబట్టి పటంలోంచి ఒక్కో పట్టీ విడిపోయి ఫ్రేమయింది. కులపురాణం కొనేవాడికి అర్థం కాదు, కాబట్టి బతుకమ్మ, బోనాలు, పల్లె పనులు వచ్చాయి. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసే మాస్కులు బాగా అమ్ముడుపోయాయి. భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, కూడా వచ్చింది. ఇది పతనమని అనేవాళ్లున్నారు. ఆ కుటుంబాలు ఇంకా కుంచె వదలకపోవడానికి కారణం ఇదే అయినప్పుడు దాన్ని పతనమనడం కొనేవాడి గారాబం. అయితే జీఐ చట్టం, 1999లో చేసినది, వస్తువుల కోసం చేసిన చట్టం. వస్తువుకు ఊరుంటుంది, తయారీ ఉంటుంది, నకిలీ ఉంటుంది. చెప్పే కథ ఆ చట్టం కంటికి ఆనదు. ఒకే కళలో సగం రక్షణ పొందిన ఆస్తి అయింది, మిగతా సగం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది.

దేవుడి పని అయితే వేరు

కొమురవెల్లిలో శివరాత్రి నాటి పెద్దపట్నం చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఒగ్గు పూజారులు నేలమీద పంచరంగుల పొడులతో గంటల తరబడి విశాలమైన ముగ్గు వేస్తారు. అంత శ్రమపడి వేసినదాని మీదికి తెల్లవారుజామున స్వామి ఉత్సవమూర్తి వస్తుంది, శివసత్తులు పూనకంతో ఊగుతూ దాన్ని తొక్కుతారు, భక్తులు ఆ రంగు పొడి కోసం ఎగబడతారు. కాసేపట్లో ఏమీ మిగలదు. చేర్యాల బొమ్మను అద్దం వెనక భద్రపరుస్తాం, దాని కథ పోయింది. పట్నాన్ని తొక్కి చెరిపేస్తారు, అది ఢోకా లేకుండా సాగుతోంది.

కారణం మరీ రహస్యమేమీ కాదు. మల్లన్నకు మొక్కుకున్నవాడు పట్నం వేయించాలి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు వేలాది కుటుంబాలు వస్తాయి. చిలకపట్నమో, నజరుపట్నమో, ముఖమండప పట్నమో వేయిస్తాయి. పూజారి ఒగ్గు వాయిస్తూ మల్లన్న కథ చెబితేనే మొక్కు తీరినట్టు. ఆ పని డీవీడీ చేయలేదు, యూట్యూబ్ చేయలేదు. కుటుంబం హైదరాబాద్ వెళ్లినా, దుబాయ్ వెళ్లినా మొక్కు వెంటే వెళుతుంది, తిరిగి కొమురవెల్లికే తీసుకొస్తుంది. ఊరికి కట్టిన మిరాశీ వలసతో తెగింది, గుడికి కట్టిన హక్కు తెగలేదు. చుక్క సత్తయ్య లాంటివాళ్లు ఒగ్గుకథను రవీంద్రభారతి స్టేజీ మీదికి, ఢిల్లీకి తీసుకెళ్లగలిగారంటే వెనక గుడి దగ్గర ఆ కళకు రోజువారీ బతుకు ఉండబట్టే.

పల్నాడులో కారంపూడి ఇంకో ఉదాహరణ. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల కోసం ఏటా కార్తీకమాసం చివర ఐదు రోజులు ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలను వారసులమనుకునే కుటుంబాలు మోసుకొస్తాయి, గంగధారి మడుగులో కడుగుతారు. ఏ రోజు ఘట్టాన్ని ఆ రోజు వీరవిద్యావంతులు పాడతారు. మందపోరు నాడు చాపకూడు, బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని గుర్తు చేసుకునే భోజనం. పాడేవాళ్లు దళిత కుటుంబాలవాళ్లు, వినేవాళ్లలో అన్ని కులాలూ ఉంటాయి. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ గానాన్ని రికార్డు చేసి ఇంగ్లీషులోకి తెచ్చారు. అది మంచి పనే. కానీ పాట ఆగకపోవడానికి కారణం కార్తీకంలో ఆయుధం ఎత్తాల్సి రావడం.

దేవుడి పని అయినంత మాత్రాన గ్యారంటీ అనుకోవడానికీ లేదు. అనంతపురం ప్రాంతంలో వానల కోసం, పంటలయ్యాక, గుడి ముందు రాత్రంతా తోలుబొమ్మలాట ఆడించేవాళ్లు. వాన కోసం విరాటపర్వం కట్టేవాళ్లు. ఈ ఆట పాతది, పాల్కురికి సోమన 13వ శతాబ్దంలోనే చీర మరుగున భారత కథల బొమ్మలాడించేవాళ్లను ప్రస్తావించాడు. దీనికి ఒక కులం పోషకురాలు కాదు, ఊరు పోషకురాలు. ఊరంతా చందా వేసుకోవాలి. వానకు బోరుబావి, రాత్రి కాలక్షేపానికి టీవీ వచ్చాక చందా అడిగేవాడు లేడు, వేసేవాడు లేడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద రామాయణం చెక్కిన చేతులు ఇప్పుడు ఎక్కువగా దీపాల షేడ్లు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలును పారదర్శకంగా గీకడం, రంధ్రాలు పొడవడం, రంగు వెయ్యడం అంతా పదిలంగా ఉంది. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు మాత్రం లాంప్‌షేడ్ మీద మాట్లాడలేరు. వాళ్ల బూతు జోకులకు ఎగ్జిబిషన్ హాల్లో చోటు కూడా లేదు.

తాడు తెంచుకున్న కళ

అన్నీ పోషకుడి మీదే వేలాడాయనుకుంటే బుర్రకథ ఆ లెక్కకు లొంగదు. జంగంకథ నుంచి వచ్చిన ఈ రూపాన్ని 1940లలో కమ్యూనిస్టుల సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి చేతిలోకి తీసుకుంది. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ లాంటివాళ్లు తంబురా, గుమ్మెట్లు, అందెలు ఉంచుకుని మిగతాదంతా మార్చేశారు. కథకుడు మధ్యలో, హాస్యగాడు, రాజకీయం చెప్పేవాడు ఇద్దరూ చెరోపక్క. ఏ కులం వాళ్లయినా చెప్పొచ్చు, ఏ కులం వాళ్లయినా వినొచ్చు. ఆడవాళ్లు కూడా దళాలు కట్టారు. ప్రభుత్వాలు నిషేధించేంత ప్రభావం చూపింది. తర్వాత అవే ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణకు, పల్స్ పోలియోకు బుర్రకథలు చెప్పించాయి. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

కులం తాడు తెగినా కళ బతకగలదని ఇది రుజువు చేస్తుంది. కానీ దాని బదులు ఉద్యమం తాడు కట్టారు. ఉద్యమం వేడి మీద ఉన్నన్నాళ్లు ఊరూరా దళాలు, చల్లబడితే రేడియోలో పావుగంట. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు ఒగ్గు, గొల్లసుద్దులు, డప్పు అన్నింటినీ ఒక్కచోటికి తెచ్చాయి. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో వందల మంది కళాకారులకు జీతాలిచ్చారు. జీతం రావడం గొప్ప విషయం, తిండికి టెన్షన్ లేదు. అయితే పాట ఏం చెప్పాలో ఇచ్చేవాడే చెబుతాడు. మిరాశీ రోజుల్లోనూ అంతే కదా అనొచ్చు. తేడా ఏమిటంటే, అప్పుడు తన కథ నచ్చకపోతే వినేవాడు ఎదురుగానే అడిగేవాడు. ఇప్పుడు సంక్షేమ పథకం మీద ఒగ్గుకథ చెబితే తప్పుపట్టడానికి వినేవాడికి అందులో సొంతదంటూ ఏమీ లేదు.

ఇప్పుడు కథకుల దగ్గరికి తిరిగి వద్దాం. ఆశ్రిత కులాల్లో చాలా చిన్నవి, ఒక్కోటి కొన్ని వందల కుటుంబాలే. సంచార జీవితం వల్ల ఒక ఊరి వాళ్లుగా నమోదు కాలేదు. వీళ్లలో కొన్ని కులాలకు ఏ రిజర్వేషన్ జాబితాలోనూ పేరు లేదు, కాబట్టి తహసీల్దార్ ఆఫీసులో కులధ్రువీకరణ పత్రం దొరికేది కాదు. 2020లో తెలంగాణ ప్రభుత్వం 17 కులాలను బీసీ జాబితాలో చేర్చింది. అందులో కాకిపడగల, ఏనూటి, గౌడజెట్టి, గంజికూటి, అద్దపువారు, పటంవారు, తెరచీరల, తోలుబొమ్మలాట వారు ఉన్నారు. చేర్యాల బొమ్మలు విమానాశ్రయాల్లోని షాపుల దాకా వెళ్లాక కూడా, వాటికి కథ కట్టినవాళ్ల పిల్లలకు అప్పటిదాకా ఫలానా కులమని చెప్పుకునే కాగితం లేదన్నమాట. వేరే చోట్ల పేరుతోనే ఇబ్బంది. పిచ్చుకుంట్ల అనే పేరు తిట్టుగా మారిపోయిందని వాళ్లు వంశరాజ్ అనే పేరును కోరి తెచ్చుకున్నారు.

కాగితం వచ్చాక పిల్లలు చదువుకుంటారు, హాస్టళ్లలో చేరతారు, ఉద్యోగాలకు వెళతారు. మరి పటం ఎవరు విప్పుతారని బాధపడేవాళ్లు ఉంటారు. తమ పిల్లల చేతికి పటం ఇవ్వని మనం, వాళ్ల పిల్లలు దాన్ని మొయ్యాలనుకోవడం న్యాయం కాదు. అలాగని ఏమీ చేయలేమనీ కాదు. బిరుదురాజు రామరాజు మొదలు జయధీర్ తిరుమలరావు దాకా ఊళ్లు తిరిగి సేకరించినవాళ్ల పుణ్యాన పాఠాలు, వాయిద్యాలు, పటాలు చాలానే దక్కాయి. లోటు ఇంకోచోట ఉంది. మ్యూజియంలో పటం ఉంటుంది, పక్కన "చేర్యాల, గుడ్డ మీద రంగులు" అని చీటీ ఉంటుంది, ఆ పటం ఏ కథకుడి కుటుంబానిదో, అతను ఏ ఊళ్లలో చెప్పాడో ఉండదు. ఇంకోపక్క స్టూడియోలో ఇరవై నిమిషాలకు కుదించి రికార్డు చేసిన కథ ఉంటుంది, దాని ముందు పటమూ ఉండదు, గోత్రం పిలిస్తే లేచి నిలబడే మనిషీ ఉండడు. ఇప్పటికీ కథ పూర్తిగా నోటికొచ్చిన ముసలివాళ్లు కొందరున్నారు. వాళ్లను పటం ముందు, వాళ్ల మిరాశీ ఊళ్లోనే, ఆ కులం వాళ్ల మధ్య కూర్చోబెట్టి, ఎన్ని రాత్రులైతే అన్ని రాత్రులు చెప్పనిచ్చి, త్యాగం పాత పద్ధతిలోనే ఇప్పించి చిత్రీకరించాలి. ఆ ఖర్చు పెట్టగలిగే స్థితిలో ఇప్పుడు కులసంఘాలే ఉన్నాయి. గుళ్లు కట్టిన సంఘాలకు ఇది పెద్ద బరువేమీ కాదు, అడగాల్సింది ముందు వాళ్లనే.